గంట కొట్టందే గుంజొద్దు

మా కాలనీలో ఎవరైనా రిటైర్ అయితే ఆ మనిషిని దండలేసి, డప్పులు కొట్టి ఊరేగిస్తారు. కుట్టు మిషన్ ఊరేగింది మాత్రం ఒక్కసారే. అది నా మిషన్. కూరగాయల బండి మీద, వంకాయల పక్కన, పాత చీర కప్పుకుని రెండు వీధులు ఊరేగింది. నేను మిషన్ అమ్మేశానని కొందరన్నారు. దానికి దయ్యం పట్టిందని, తాయెత్తు కట్టించడానికి తీసుకుపోతున్నానని కొందరన్నారు. జరిగింది జరిగినట్టు ఇప్పుడు చెబుతాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే రాస్తున్నది వెనక వీధి టీచరమ్మ. ఈ కథలో ఆమె కూడా ఉంది. తనను తాను కాస్త తెలివిగా రాసుకుంటుందేమోనని పక్కనే కూర్చుని, రాసిందంతా మళ్లీ చదివించుకుంటున్నాను.

మా ఆయన బొగ్గుబాయిలో హాలేజీ పని చేసేవాడు. బొగ్గు నింపిన టబ్బులను తాడుతో పైకి గుంజే పని అది. కింద ఉన్నవాడు గంట కొడితేనే పైన ఉన్నవాడు తాడు గుంజాలి. ఒకరోజు ఆయన టబ్బుకు కొక్కెం తగిలిస్తుంటే, గంట కొట్టకముందే పైన ఎవరో గుంజారు. ఎడమ చేతి వేళ్లు రెండు పోయాయి. ఆనాటి నుంచి మా ఇంట్లో చెప్పకుండా ఏదీ గుంజకూడదు. నేను దుప్పటి లాగినా, పిల్లల చేతిలోంచి బలపం తీసుకున్నా, ఆయన కంచం ముందు నుంచి ఉప్పు గిన్నె జరిపినా ఒకటే మాట.

"గంట కొట్టినవా?"

కొట్టాను అనేదాకా వదిలేవాడు కాదు. మొదట్లో చిరాకు పడేదాన్ని. తర్వాత నోటితోనే 'టింగ్' అని గుంజడం అలవాటయింది. ఆయన పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ గుడి దగ్గర చెప్పుల కుప్పలోంచి నా చెప్పులు లాక్కునేటప్పుడు నోట్లోంచి 'టింగ్' వస్తుంది. పక్కవాళ్లు తిరిగి చూస్తారు.

ఆయన పోయాక కాలి మిషన్ మీద సాదా జాకెట్లు కుట్టుకుంటూ బతికాను. తర్వాత ఈ కంప్యూటర్ మిషన్ కొన్నాను. గుడ్డను ఫ్రేములో బిగించి మీట నొక్కితే సూది తనంతట తానే పువ్వులు, తీగలు కుడుతుంది. కొన్నప్పుడు షాపువాడు కొన్ని డిజైన్లు దాని పొట్టలోనే పెట్టి ఇచ్చాడు. అన్నీ నెమళ్లే. ఒక నెమలి ఇటు చూస్తుంది, ఒకటి అటు చూస్తుంది, ఒకటి ఎటూ చూడకుండా మెడ వంచుకుంటుంది. ఏడాది తిరగకుండా మా కాలనీ ఆడవాళ్లందరి వీపుల మీదా నెమళ్లు వాలాయి. నీళ్ల టాంకరు వస్తే ముందు నిలబడ్డవాళ్లను వెనక నుంచి చూస్తే అడవిలో ఉన్నట్టుండేది.

గొడవ అక్కడే మొదలైంది. మా ఎదురింటి వదినె భర్త, నేను బావ అని పిలిచే మనిషి, ఆ నెల చివర రిటైర్ కావాలి. కమ్యూనిటీ హాల్లో సన్మానం. వదినె మెరూన్ రంగు పట్టు జాకెట్ గుడ్డ తీసుకుని వచ్చి నా ముందు పరిచింది.

"నెమలి వద్దు," అంది.

"ఏ నెమలి వద్దు? మెడ వంచిందా?"

"ఏ నెమలీ వద్దే. ఆయనకు దండేస్తరు, శాలువ కప్పుతరు, మైకిస్తరు. నాకు కుర్చేస్తరు, గంతే. నా దిక్కు చూసుడుకు ఒక్కటన్న ఉండాలె గద. ముప్పై ఏండ్లు నెత్తికి దీపం కట్టుకొని బాయిల దిగిండు. ఆ దీపం నా ఈపు మీద కుట్టు."

"గసొంటి డిజైను నా మిషన్ల లేదు వదినె."

"లేకుంటె తెప్పియ్యి. నీతోని గాదంటె చెప్పు, మంచిర్యాల పోత. గోదారి దాటితె అన్ని షాపులే."

అంత మాట అన్నాక ఒప్పుకోక ఏం చేస్తాను? పట్టు గుడ్డ ఒకటే ముక్క. ఆ చీరకు అచ్చంగా కలిసే గుడ్డ ఆమెకు మళ్లీ దొరకదు. ఆమె వీపు మీద దీపం సరిగ్గా కుదిరితే ఇకపై మా కాలనీ జాకెట్లు గోదావరి దాటవు. కుదరకపోతే నా మిషన్ మీద గుడ్డ కప్పి, దాని మీద టీవీ పెట్టుకోవాల్సిందే. అట్లా అవుతుందని మిషన్ కొన్నరోజే పందెం కాసినవాళ్లున్నారు.

ఇక టీచరమ్మ సంగతి. ఆమెది మంథని, బాయి పని ఎరగని ఇల్లు. బడిలో పాఠాలు చెబుతుంది. ఇంట్లో కంప్యూటర్ ఉంది. సరదాకి ఎంబ్రాయిడరీ డిజైన్లు గీయడం నేర్చుకుంది. దీపం కావాలి టీచరమ్మా అని అడిగితే, సాయంత్రానికల్లా గీసి పెట్టింది. పోయి చూశాను. ఇత్తడి కుందె, అందులో వత్తి, పైన చక్కటి జ్వాల, కింద రెండు తమలపాకులు.

"టీచరమ్మా, గిది పెట్టుకొని బాయిల దిగితె గ్యాసంటుకొని బాయి పేలుతది," అన్నాను.

"దీపమంటే ఇదే కదక్కా?"

"మీ ఇంట్ల. మాది టోపీకి ఉంటది. గుండ్రంగ, అద్దం ఉంటది. దానికెనక నుంచి వైరు కిందికొచ్చి నడుముకున్న బ్యాటరీకి కలుస్తది."

నేను చేతులతో చూపిస్తుంటే ఆమె గీసింది. మొదట చెంబులా వచ్చింది. తర్వాత జల్లెడలా వచ్చింది. చివరికి మా ఆయన టోపీ పెట్టుకున్న ఫొటో తెచ్చి పక్కన పెడితే దీపం దీపంలా వచ్చింది. చుట్టూ కిరణాలు, కింద పొడుగ్గా వైరు, వైరుకు అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు. ఆకులు ఆమె సొంతం. బొగ్గుబాయిలో ఆకులెక్కడివి అని అడగబోయి, పోనీలే ఆమె సరదా అని ఊరుకున్నాను.

ఆ డిజైను మిషన్‌లోకి రావాలంటే పెన్ డ్రైవ్ అనేదాన్లో ఎక్కి రావాలి. వేలెడంత ఉంటుంది. కంప్యూటర్‌కు గుచ్చి నింపుకోవాలి, తెచ్చి మిషన్‌కు గుచ్చాలి. అప్పటిదాకా నేను దాన్ని ముట్టుకోలేదు. ఆమె తన కంప్యూటర్‌లోంచి దాన్ని తీస్తూ నాకు జాగ్రత్త చెప్పింది.

"అక్కా, దీన్ని ఊరికెనే పీకొద్దు. ముందు ఇక్కడ నొక్కాలె. ఇక తీస్కోవచ్చని కంప్యూటర్ చెప్తది. అప్పుడే తియ్యాలె. లేకుంటె లోపలున్నదంత పాడైతది."

"అంటె గంట కొట్టాలె."

"ఆ. అట్లనే అనుకోండి."

నా అవస్థ అంతటికీ మూలం ఆ 'అట్లనే అనుకోండి'. ఈ వాక్యం రాయనని టీచరమ్మ ఇప్పుడు కలం పక్కన పెట్టింది. రాసేదాకా చాయ్ పెట్టనన్నాను. రాసింది.

మర్నాడే సన్మానానికి ముందురోజు. పొద్దున్నే పట్టు గుడ్డను ఫ్రేములో బిగించి, పెన్ డ్రైవ్‌ను మిషన్‌కు గుచ్చాను. దాని కొసన చిన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ వెలిగింది. మిషన్ తెర మీద బొమ్మ వచ్చింది. మీట నొక్కాను. మిషన్ కుయ్‌కుయ్ మని ఇంగ్లీషులో ఏదో రాసి చూపించింది. సూది కదల్లేదు. మళ్లీ నొక్కాను. మళ్లీ కుయ్‌కుయ్.

మధ్యాహ్నం దాకా అదే వరస. తెరను ఫొటో తీసి టీచరమ్మకు పంపి, ఫోన్ చేశాను. బడిలో అన్నం తింటోంది.

"బొమ్మ పెద్దగైందక్కా. వైరు పొడుగు కదా, ఫ్రేము దాటి బయటికి పోతున్నది. ఫికర్ చెయ్యకండి. పెన్ డ్రైవ్ తీసుకొని సాయంత్రం మా ఇంటికి రండి, చిన్నగ చేసి ఇస్త."

"తీసేటప్పుడు గంట ఏడ కొట్టాలె టీచరమ్మా?" అని నేను అడుగుతుండగానే అక్కడ బడి గంట మోగింది. ఆమె ఫోన్ పెట్టేసింది. వాళ్లకు గంట ఉంది. నాకు లేదు.

మిషన్ చుట్టూ తిరిగి చూశాను. కంప్యూటర్‌లో ఆమె నొక్కిన గుర్తు లాంటిది దీని తెర మీద ఎక్కడా లేదు. పెన్ డ్రైవ్ ఎర్ర దీపం మాత్రం ఆగకుండా మిణుకుమంటూనే ఉంది. చీకట్లో దూరంగా దీపం కదులుతుంటే అక్కడ మనిషి పని చేస్తున్నట్టేనని మా ఆయన చెప్పేవాడు. లోపల ఇంకా పని నడుస్తోందనుకున్నాను. చెయ్యి దగ్గరిదాకా పోయింది. నోట్లోంచి 'టింగ్' కూడా వచ్చింది. కానీ నోటి గంట నమ్మకం కాలేదు. గంట కొట్టాల్సింది లోపలున్నవాడు, బయట ఉన్న నేను కాదు కదా.

అప్పుడే వదినె వచ్చింది.

"అయిందా?"

"అయితున్నది."

"ఏడ అయితున్నది? సూది నిలవడే ఉన్నది."

చెప్పాను. ఆమె పెన్ డ్రైవ్ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది.

"గింత దానికా? గుంజరాదే," అని చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. గాజు ఒకటి చిట్లింది.

"గంట లేకుంట గుంజొద్దు వదినె. లోపలున్నది నీ దీపమే."

"దీపం పాడుగాను. రేపు మాపటీలి సన్మానం. పొద్దూకేదాక చూస్త. అప్పటికి సూది నడువకుంటె గుడ్డ తీసుకొని మంచిర్యాల బస్సెక్కుత. అక్కడ నెమలన్న కుడుతరు."

"నెమలి వద్దంటివి గద."

"ఏమీ లేనిదానికంటె నెమలి నయం గాదా?"

చిట్లిన గాజును చూసుకుంటూ వెళ్లిపోయింది. నేను కూర్చుని కరెంటు పోవాలని మొక్కుకున్నాను. కరెంటు దానంతటది పోయి, లోపల పని ఆగిపోతే ఆ పాపం నాది కాదు. కానీ మాది కంపెనీ కరెంటు. ఎండాకాలం ఊరంతా ఉక్కపోతకు చస్తున్నా మా కాలనీలో ఫ్యాను తిరుగుతుంది. మిగతా రోజుల్లో దాన్ని చూసి గర్వపడేదాన్ని. ఆ రోజు మాత్రం ఫ్యాను వంక చూసి తిట్టాను.

పొద్దు వాలుతోంది. టీచరమ్మ ఇంటికి చేరే వేళైంది. పెన్ డ్రైవ్ మిషన్‌ను విడిచి రాదు. కంప్యూటర్ టీచరమ్మ ఇంటిని విడిచి రాదు. అప్పుడు నాకు తట్టింది. మిషన్ పోవచ్చు కదా. కరెంటు తీస్తే టబ్బు ఉన్నచోటే ఆగుతుంది, మనిషి ఉన్నచోటే ఉంటాడు. గుంజితేనే కదా ప్రమాదం. ఏదీ గుంజకుండా, పెన్ డ్రైవ్ ఎట్లా గుచ్చుకుని ఉందో అట్లాగే, మిషన్‌కు మిషనే టీచరమ్మ ఇంటికి పోతే సరి.

స్విచ్ ఆపాను. ఎర్ర దీపం ఆరిపోయింది. దీపం కనబడకపోతే మనిషి లేడని కాదు, అని కూడా మా ఆయన చెప్పి ఉన్నాడు. అందుకే అప్పుడు కూడా ముట్టుకోలేదు.

వీధిలో కూరగాయల బండాయన అరుచుకుంటూ వస్తున్నాడు. ఆపాను.

"తమ్మీ, టమాటలు గిట్ల జరుపు. గీ మిషన్ పెట్టాలె."

"అక్కా, గిది కూరగాయల బండి."

"మిషన్ ఏమన్న తింటదా నీ కూరగాయలను? వెనక వీధి దాక."

ఇద్దరం పట్టి ఎక్కించాం. వంకాయలు ఒక పక్క, మిషన్ ఒక పక్క. దుమ్ము పడకుండా పాత చీర కప్పాను. పెన్ డ్రైవ్ ఉన్నవైపు నేను నడిచాను, ఎవరి చెయ్యీ తగలకుండా. గుంత వచ్చినచోటల్లా "మెల్లగ తమ్మీ, మెల్లగ" అంటూనే ఉన్నాను.

"పురుటి మనిషిని తీస్కపోయినట్టు తీస్కపోతున్నవేందక్కా?" అన్నాడు.

"గంతకంటె జాగ్రత్తగ తీస్కపోవాలె."

గడపగడపకూ ఆడవాళ్లు నిలబడ్డారు.

"ఏమే, మిషన్‌ను దవాఖానకు తీస్కపోతున్నవా?"

"అమ్మినవా? మాకు చెప్తె మేమే కొందుము గద."

"వంకాయలెట్లిస్తున్నవ్?" అని ఒకామె నన్నే అడిగింది. బండాయన అక్కడ ఆగి ఆమెకు వంకాయలు తూచాడు. నేను తక్కెడ పెన్ డ్రైవ్‌కు తగులుతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను. ఊరేగింపు అంటే అదీ.

టీచరమ్మ అప్పుడే బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. తలుపు దగ్గర నన్ను, బండిని, చీర కప్పుకున్న మిషన్‌ను చూసింది.

"పెన్ డ్రైవ్ తెమ్మంటే..."

"తెచ్చిన. దాంట్లనే ఉన్నది."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చెంబు కింద పెట్టి గడప మీద కూలబడి నవ్వింది. కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. బండాయన కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. మిషన్‌ను లోపల పెట్టించాక చెప్పింది.

"అక్కా, మిషన్‌కు గంట లేదు. అది కుట్టనప్పుడు ఊరికె తీస్కోవచ్చు. ఏం కాదు. చూడండి," అని చెయ్యి చాపింది.

నేను ఆ చెయ్యి కూడా పట్టుకున్నాను. గాజులు చిట్లలేదు, ఆమెకు గడియారమే ఉంది. మా ఆయన వేళ్ల సంగతి ఆమెకు అంతకుముందు చెప్పలేదు. అప్పుడు చెప్పాను. ఇంట్లో ఉప్పు గిన్నెకు కూడా గంట ఉండేదని చెప్పాను. ఆమె నవ్వు మెల్లగా ఆగింది. పెన్ డ్రైవ్ వంక చూసింది. లేచి దేవుడి అర్ర లోపలికి వెళ్లింది. పూజ గంట పట్టుకుని వచ్చి, మిషన్ పక్కన నిలబడి, హారతికి కొట్టినట్టు నింపాదిగా మూడుసార్లు కొట్టింది.

"ఇప్పుడు తీద్దామా?"

"తియ్యి," అన్నాను.

తీసింది. కంప్యూటర్‌కు గుచ్చి చూస్తే లోపల దీపం ఎక్కడిదక్కడే ఉంది. ఒక్క ఆకు కూడా రాలలేదు.

తర్వాత పంచాయితీ వైరు దగ్గర వచ్చింది. వైరు సగం కత్తిరిస్తే ఫ్రేములో పడుతుందని ఆమె అంది. వైరు తెగితే దీపం ఎట్లా వెలుగుతుందని నేనన్నాను. ఇది కుట్టు పని అక్కా, వెలగదు అని ఆమె. తెలిసినవాళ్లు చూస్తే నవ్వుతారని నేను. చివరికి మొత్తం బొమ్మనే కొంచెం కుదించింది. వైరు తెగకుండా నడుము దాకా వచ్చింది. ఈసారి పెన్ డ్రైవ్ తీసేటప్పుడు కంప్యూటర్ తనే చెప్పింది, తీసుకోవచ్చని. మర్యాద తెలిసిన యంత్రం అంటే అదీ.

మిషన్ అక్కడే, ఆమె ముందు గదిలోనే నడిచింది. పసుపు దారం అయ్యాక తెల్లది, తెల్లది అయ్యాక ఆకుపచ్చది మార్చాం. పొద్దూకుతుండగా వదినె బస్సు సంచితోనే ఆ ఇంటికి వచ్చింది. నన్ను తిట్టడానికి నోరు తెరిచి, ఫ్రేములో సగం వెలిగిన దీపం చూసి, ఆ నోరు అట్లాగే మూసుకుంది. సంచి కింద పెట్టి కూర్చుంది.

"ఆకులెందుకే?" అని మాత్రం అడిగింది. టీచరమ్మ వంక చూపించాను.

ఆ రాత్రే జాకెట్ కుట్టేసి ఇచ్చాను. మర్నాడు సాయంత్రం హాలు నిండిపోయింది. వదినె స్టేజీ మీద భర్త పక్కన కూర్చుంది. వీపు గోడవైపు. నేను ముందు వరసలో టీచరమ్మ పక్కన కూర్చున్నాను. అప్పుడు మొదలైంది అసలు ఆపద. బావకు కప్పిన వాళ్లంతా వదినెకు కూడా శాలువ కప్పారు. ఒకదాని మీద ఒకటి. షిఫ్టు వాళ్లది ఒకటి, చుట్టాలది ఒకటి, వీధివాళ్లది ఒకటి. చివరికి శాలువల కుప్పలోంచి ఆమె ముక్కుపుడక ఒక్కటే కనబడింది. దీపం ఎక్కడో అడుగున, బాయిలో ఉన్నట్టే ఉంది.

"అయిపాయె," అన్నాను టీచరమ్మతో. "నెమలి కుట్టినా ఒకటే ఉండె."

బావ రెండు మాటలు మాట్లాడి కూర్చున్నాడు. ఎవరో వదినెను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. వదినె లేచి మైకు అందుకుంది. జీవితంలో మైకు పట్టని మనిషి. అటూ ఇటూ చూసి ఆ మైకును భర్త చేతికిచ్చింది. ఒక్కొక్క శాలువా తీసి, మడిచి, ఆయన ఒళ్లో పెట్టింది. అన్నీ అయ్యాక మా అందరికీ వీపు పెట్టి నిలబడింది.

మెరూన్ పట్టు మీద దీపం. హాలు లైట్లకు పసుపు దారం మెరిసింది. ముందు పిల్లలు, తర్వాత ఆడవాళ్లు, ఆఖరుకు బాయి మనుషులు చప్పట్లు కొట్టారు. బావ శాలువల మీదుగా వంగి, ఆ వైరు వెంట కిందిదాకా చూపు తెచ్చాడు. మైకు చేతిలోనే ఉందని మరిచిపోయాడు. హాలంతా వినబడింది.

"వైరు మంచిగనే ఉన్నది గని, బ్యాటరీ ఏడున్నదే?"

వదినె తల తిప్పి మైకులోకే చెప్పింది.

"ముప్పై ఏండ్ల సంది నీ ఇంట్లనే తిరుగుతున్నది. కనవడలేదా?"

ఆ నవ్వులకు మైకు కూత పెట్టింది. బావ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఒళ్లోని పై శాలువా తీసి కళ్లు తుడుచుకున్నాడు.

భోజనాల దగ్గర పులిహోర వడ్డించుకుంటుంటే బండి సంగతి వదినె అందరికీ చెప్పింది. గాజు చిట్లినప్పటినుంచి మొదలుపెట్టి, ఏదీ వదలకుండా. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. టీచరమ్మను అడిగాడు.

"ఎన్ని కొట్టిన్రమ్మా గంట?"

"మూడండి. దేవుడికి కొట్టినట్టు కొట్టిన."

"మా బాయిల మూడు కొడితె మనుషులు పైకొస్తున్నరని," అన్నాడు. "సరిగ్గనే కొట్టిన్రు."

నేను పులిహోరలో పల్లీలు ఏరుకుంటూ కూర్చున్నాను. తలెత్తితే నన్ను కూడా స్టేజీ ఎక్కిస్తారని భయం.

ఆ వారం నుంచి నెమళ్లు ఎగిరిపోయాయి. ఒకామెకు రైలింజను కావాలి, భర్త రైల్వే మనిషి. ఒకామెకు పాలక్యాను కావాలి. టీచరమ్మ గీస్తుంది, ప్రతిదానికీ ఆకులు పెడుతుంది, నేను తీయించేస్తాను. పెన్ డ్రైవ్‌ను మిషన్‌లోంచి ఊరికే తీయవచ్చని నాకు ఇప్పుడు తెలుసు. అయినా మిషన్ బల్లకు ఒక సైకిల్ గంట బిగించుకున్నాను. మూడుసార్లు కొట్టి తీస్తాను. ఎదురింట్లోంచి బావ, పొద్దంతా ఖాళీగా కూర్చునే మనిషి, ఆ గంట వినగానే అక్కడి నుంచే కేకేస్తాడు.

"వచ్చిన్రా?"

"వచ్చిన్రు," అని నేను జవాబు చెబుతాను.